ఎనిమిది మైకులు, ఒక ఫేడర్: రీపర్‌లో ట్రాక్ గ్రూపింగ్‌తో నా అనుభవం

డ్రమ్స్‌ను ఎనిమిది మైకులతో రికార్డు చేస్తే మిక్సర్‌లో ఎనిమిది ఫేడర్లు (ధ్వని స్థాయిని పెంచి తగ్గించే జారుడు మీటలు) వరుసగా వచ్చి కూర్చుంటాయి: కిక్ ఒకటి, స్నేర్‌కు పైన ఒకటి, కింద ఒకటి, టామ్‌లకు రెండు, డ్రమ్స్ మొత్తాన్నీ పైనుంచి పట్టే ఓవర్‌హెడ్‌లు రెండు, గదికి ఒకటి. వీటి మధ్య సమతూకం ఒకసారి కుదిరిన తరువాత వాటిని విడివిడిగా ముట్టుకోవలసిన అవసరం చాలా తక్కువ. గాయకుడి గొంతు వినబడడానికి డ్రమ్స్ మొత్తాన్ని మూడు డెసిబెల్స్ తగ్గించాలంటే, ఎనిమిదింటినీ ఒకే లెక్కన దించాలి. ఆ పనిని రీపర్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో, ఒక్కో మైకు ధ్వని ఉండే ట్రాక్‌లను జట్టుకట్టే ట్రాక్ గ్రూపింగ్‌కు అప్పగించాలని నిశ్చయించుకున్నాను.

గ్రూపు కట్టడం సులభమే. ట్రాక్‌లన్నింటినీ ఎంచుకుని షిఫ్ట్, జీ మీటలను కలిపి నొక్కితే గ్రూపింగ్ విండో తెరుచుకుంటుంది. అందులో వాల్యూమ్, పాన్ (ధ్వనిని ఎడమకో కుడికో జరిపేది), మ్యూట్, సోలో (ఆ ఒక్కదానినే వినిపించేది), రికార్డ్ ఆర్మ్ (రికార్డింగుకు సిద్ధం చేసేది) వంటి ప్రతి నియంత్రణకూ లీడ్, ఫాలో అని రెండేసి గడులు ఉంటాయి. లీడ్ ఉన్న ట్రాక్‌ను కదిలిస్తే ఫాలో ఉన్నవి కదులుతాయి. రెండు గడులూ అన్ని ట్రాక్‌లకూ పెడితే దేనిని కదిలించినా మిగిలినవి వెంట వస్తాయి. ఫేడర్ల మధ్య తేడా మాత్రం చెదరదు: మైనస్ 6 దగ్గర ఉన్న కిక్, మైనస్ 12 దగ్గర ఉన్న గది మైకు మూడు డెసిబెల్స్ దిగితే మైనస్ 9, మైనస్ 15 దగ్గర ఆగుతాయి. స్నేర్‌ను ఒక్కదానినే కొంచెం ఎత్తాలనిపిస్తే షిఫ్ట్ పట్టుకుని లాగితే చాలు, ఆ కాసేపు గ్రూపు పట్టు సడలుతుంది.

అన్ని గడులనూ నింపేయాలన్న ఆశ సహజంగా కలుగుతుంది కానీ, నేను వాల్యూమ్, మ్యూట్, రికార్డ్ ఆర్మ్‌లతోనే సరిపెట్టుకున్నాను. సోలోను గ్రూపులో చేరిస్తే స్నేర్‌ను ఒంటరిగా విని దాని లోపం పట్టుకునే వీలు పోతుంది. పాన్ సంగతి ఇంకాస్త చిత్రమైనది. మామూలుగా కలిపితే రెండు ఓవర్‌హెడ్‌లూ ఒకే దిక్కుకు జరుగుతాయి. పాన్‌ను తిరగేసి కలిపే గడి వేరుగా ఉంది, దానితో ఒకటి ఎడమకు పోతే మరొకటి కుడికి పోతుంది. స్టీరియో వెడల్పును తగ్గించడానికీ పెంచడానికీ అది బాగా పనికివస్తుంది.

అసలు చిక్కు రివర్బ్ (గదిలో ప్రతిధ్వనించినట్లు వినిపించే ఎఫెక్టు), కంప్రెసర్ (ఒక హద్దు దాటిన ధ్వనిని అణిచే ఎఫెక్టు)ల దగ్గర మొదలయింది. ఎనిమిది ట్రాక్‌లూ, వాటి ధ్వనినంతా కలిపి తీసుకునే ఒక ఫోల్డర్ ట్రాక్‌లో ఉన్నాయి, ఆ ఫోల్డర్‌పై కంప్రెసర్ ఉంది. స్నేర్ నుంచి వేరొక ట్రాక్‌లోని రివర్బ్‌కు పోస్ట్ ఫేడర్ సెండ్, అంటే ఫేడర్ దాటిన తరువాతి ధ్వని నకలు, వెళుతోంది. గ్రూపుతో ఫేడర్లు దించితే సెండ్ కూడా అదే లెక్కన దిగుతుంది కనుక రివర్బ్ పాలు మారదు. కానీ కంప్రెసర్‌కు చేరే ధ్వని తగ్గి, త్రెషోల్డ్ అనే ఆ హద్దును దాటే భాగం తగ్గిపోతుంది, నేను కష్టపడి కుదుర్చుకున్న బిగువు సడలుతుంది. పోనీ గ్రూపును వదిలేసి ఫోల్డర్ ఫేడర్‌ను దించుదామంటే, ఎఫెక్టులు ఫేడర్ కన్నా ముందే పనిచేస్తాయి కాబట్టి కంప్రెసర్‌కు ఏమీ కాదు. రివర్బ్ మాత్రం పాత స్థాయిలోనే మోగుతూ, స్నేర్ దూరంగా జరిగి గుహలోకి వెళ్ళినట్లు వినిపిస్తుంది. ఒకదానిని కాపాడితే మరొకటి చెడే పరిస్థితి ఇది.

దారి వీసీఏలో దొరికింది. అనలాగ్ మిక్సర్లలో వోల్టేజితో నియంత్రించే యాంప్లిఫయర్లకు పెట్టిన ఈ పేరునే సాఫ్ట్‌వేర్ కూడా తీసుకుంది. రీపర్‌లో వీసీఏ లీడ్ ఇచ్చిన ట్రాక్‌ను కదిలిస్తే ఫాలో ట్రాక్‌ల ఫేడర్లు చోటు కదలవు, వాటి స్థాయి మాత్రం మారుతుంది. ఖాళీ ట్రాక్ ఒకటి సృష్టించి, దానిని లీడ్ చేసి, ఎనిమిది మైకులకు బదులుగా ఫోల్డర్ ట్రాక్‌ను, రివర్బ్ ఉన్న ట్రాక్‌ను ఫాలో చేశాను. అప్పుడు రెండూ సమానంగా దిగాయి, కంప్రెసర్‌కు వెళ్ళే ధ్వని ఏమాత్రం మారలేదు. ఆ రివర్బ్ డ్రమ్స్‌కు మాత్రమే కేటాయించినది కావడం ఇక్కడ ముఖ్యం; గొంతు కూడా అదే రివర్బ్‌ను వాడుతుంటే గొంతుకు చేరిన రివర్బ్ కూడా తగ్గిపోయేది. మైకు ట్రాక్‌లను కూడా అదే వీసీఏ కిందకు తెస్తే తగ్గింపు రెండుసార్లు పడుతుంది కనుక, వాటిని పాత వాల్యూమ్ గ్రూపులోనే ఉంచాను.

చరణాలలో తగ్గి పల్లవిలో పెరగవలసిన డ్రమ్స్ స్థాయికి ఆటోమేషన్ గీతను (పాటతో పాటు స్థాయిని దానంతట అదే మార్చేది) ఆ ఖాళీ ట్రాక్‌పైనే గీశాను. ఫోల్డర్ ఫేడర్ మీద గీత ఏదీ లేదు కాబట్టి, తరువాత మొత్తం డ్రమ్స్‌ను అర డెసిబెల్ పెంచవలసి వచ్చినప్పుడు ఫోల్డర్, రివర్బ్ ట్రాక్‌ల ఫేడర్లను రెండింటినీ అంతే జరిపితే సరిపోయింది, గీతను తిరగరాయవలసిన పని పడలేదు.