14.2 అంటే 14.2 కాదు: మా గుర్రం ఇన్సూరెన్స్‌కి ఇరవై రెండు రోజులు

ఈ రోజు పొద్దున పాలసీ కాగితం చేతికొచ్చింది. ఇరవై రెండు రోజులు తిరిగాను, అదీ రెండు అంకెల మధ్య పెట్టే ఒక చుక్క కోసం. కడుపు మంట చల్లారకముందే రాసేస్తే అన్నీ గుర్తుంటాయని కూర్చున్నాను. మన కోనసీమలోనూ అటు భీమవరం, పాలకొల్లు వైపూ పెళ్ళిళ్ళకి గుర్రాలు తిప్పేవాళ్ళున్నారు, వాళ్ళలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తాత జట్కా తోలేవాడు, నేను పెళ్ళి ఊరేగింపులకి గుర్రం పెడతాను. పాతది ముసలిదైపోయిందని మొన్న డిసెంబరులో మహారాష్ట్రలో తపతి ఒడ్డున సారంగ్‌ఖేడాలో జరిగే గుర్రాల సంతకి వెళ్ళి తెల్లటి మార్వాడీ గుర్రాన్ని కొన్నాను. ముత్యం అని పేరు పెట్టుకున్నాం. దాని చెవులు రెండూ లోపలికి వంగి కొసలు ఒకదానికొకటి తాకుతాయి, ఎదురుగా నిలబడితే నుదుటి మీద చిన్న తోరణం కట్టినట్టుంటుంది. అమ్మినాయన 60 అంగుళాలన్నాడు. నేను కర్ర పెట్టి కొలిస్తే 58. సంతలో బేరం అంగుళాల లెక్కనే నడుస్తుంది కాబట్టి ఆ రెండు అంగుళాల డబ్బు తగ్గించేదాకా అక్కణ్ణించి కదల్లేదు. హిందీ అంతంత మాత్రం వచ్చు, అయినా తగ్గించాను. బిల్లులో 58 అంగుళాలని రాయించుకున్నాను.

గుర్రాలకొచ్చే గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్షకి రక్తం తీయించాం, రిపోర్టు మంచిదే వచ్చింది. ఆ జబ్బు మనుషులకీ అంటుకుంటుంది కాబట్టి ఈ పరీక్ష మాత్రం ఎవరూ ఎగ్గొట్టకండి. లారీ ప్రయాణం బాగానే జరిగింది. మా పశువుల డాక్టరు గారు ఇంటికొచ్చి రంగు, మచ్చలు, సుడులు అన్నీ రాసుకుని, ఎత్తు కొలిచి సర్టిఫికెట్‌లో 14.2 అని వేసి ఇచ్చారు. ఇక్కడిదాకా పూలబాటే.

ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా గారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. 14.2 ఏమిటని అడిగితే హ్యాండ్స్ అండీ, ఒక్కో హ్యాండ్ నాలుగు అంగుళాలు అని చెప్పాను. వెంటనే కాలిక్యులేటర్ తీసి 14.2ని నాలుగుతో గుణించారు. 56.8 వచ్చింది.

"బిల్లులో 58 ఉంది, సర్టిఫికెట్‌లో 56.8 ఉంది. ఇవి రెండూ ఒక గుర్రం కాదండీ" అన్నారు.

అది దశాంశం కాదండీ, పద్నాలుగు హ్యాండ్ల మీద రెండు అంగుళాలు అని చెప్పబోయాను. ఆయన వినలేదు. "చచ్చిపోయిన గేదె పేరు మీద బతికున్నదాన్ని తెచ్చినవాళ్ళని చూశాం, ఇప్పుడు గుర్రాలు కూడా మొదలెట్టారా?" అన్నారు, గది మొత్తం వినేలా. గేదె పాలసీ కోసం వచ్చిన ఒక పెద్దావిడ నా వంక అదోలా చూసి కాస్త పక్కకి జరిగి కూర్చుంది. మా ఊరి మనిషి కూడా ఒకాయన ఆ వరసలోనే ఉన్నాడు. సాయంత్రానికి నేను దొంగ గుర్రం తెచ్చానని ఊళ్ళో పాకిపోయింది. మూడు తరాలుగా గుర్రాల మీద బతుకుతున్న ఇంటి వాణ్ణి నేను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఈ లెక్క సంగతి ఇక్కడే చెప్పేస్తాను. హ్యాండ్ అంటే బొటనవేలితో కలిపి అరచేతి వెడల్పు. మన బెత్తెడు లాంటిదే, కాకపోతే మనం బొటనవేలు వదిలేసి నాలుగు వేళ్ళే లెక్కపెడతాం కాబట్టి మనది కాస్త చిన్నది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని సరిగ్గా నాలుగు అంగుళాలకి, అంటే 10.16 సెంటీమీటర్లకి ఖాయం చేశారు. చుక్క తర్వాత వేసేది మిగిలిన అంగుళాలు. అందుకే 14.1, 14.2, 14.3 ఉంటాయి, ఆ తర్వాత నేరుగా 15. 14.4 అని ఎక్కడా ఉండదు. 14 నాలుగులు 56, దాని మీద 2 కలిపితే 58. బిల్లూ సర్టిఫికెట్టూ ఒకే మాట చెబుతున్నాయి.

వారం తర్వాత మళ్ళీ వెళితే గుర్రాన్ని తీసుకురండి, మేమే కొలుస్తాం అన్నారు. తీసుకెళ్ళాను. ఆఫీసు వెనక ఖాళీ జాగా మురుగుకాలువ వైపు వాలుగా ఉంటుంది. దాన్ని అక్కడే నిలబెట్టమన్నారు. ఆఫీసు కుర్రాడొకడు దర్జీ టేపు తెచ్చి వీపు మీంచి పక్కటెముకల వంపు వెంట కిందికి జారవిడిచి, ముందు గిట్ట దాకా లాగి 61 అన్నాడు. టేపు వంపు తిరిగితే పొడవు పెరగదా? ఆ పాటికే ట్రాఫిక్ హారన్లకి ముత్యం బెదిరి తల పైకెత్తేసి ఒళ్ళంతా బిగబట్టి ఉంది. అలా బిగుసుకున్న గుర్రం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది, కాళ్ళు చాపి నిలబడితే తగ్గుతుంది. ఇవేమీ పట్టించుకోకుండా మూడు కాగితాల్లో మూడు ఎత్తులని ఫైలు మీద "సరిపోలేదు" అని ఎర్ర ఇంకుతో రాసేశారు. అసలు అదే గుర్రమా కాదా తేల్చుకోవాలంటే సుడులు చూడాలి కదా! మన పెద్దలు ఎద్దు కొనేటప్పుడు సుడులు చూసేది శుభమా అశుభమా అని, డాక్టర్లు రాసేది గుర్తు పట్టడానికి. సర్టిఫికెట్‌లో నుదుటి మీద, మెడ మీద ఎక్కడెక్కడున్నాయో బొమ్మ గీసి మరీ ఉంది. దాని వంక ఒక్కరు కూడా చూడలేదు. మనిషిని దొంగ అనే ముందు చేతిలో ఉన్న కాగితం పూర్తిగా చదవాలి, బల్లకి అవతల కూర్చున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

ఇక లాభం లేదని మా ఊరి వడ్రంగి బాబాయి దగ్గరికి వెళ్ళాను. ఆరడుగుల టేకు కర్ర చిత్రిక పట్టి, సెంటీమీటర్ల గీతలు పెట్టి, పైకీ కిందికీ జరిగే అడ్డకర్ర ఒకటి బిగించాడు. "అడ్డకర్ర వెంట్రుకవాసి వాలినా నీ కొలత పోద్ది అబ్బాయ్" అని తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం తెప్పించి దాని మీద కట్టించింది ఆయనే. బుడగ మధ్యలో నిలిస్తేనే కొలత, లేకపోతే కాదు.

చదునైన నేల కోసం రెండు రోజులు వెతికాను. మన ప్రాంతంలో కళ్ళాలు గతుకులు, ధాన్యం ఆరబోసే గచ్చులు వాన నీరు పోవడానికి కాస్త వాలుగానే పోస్తారు. చివరికి రైస్ మిల్లు యజమాని గారు లారీల కాటా వాడుకోమన్నారు. రసమట్టం పెట్టి చూస్తే నాలుగు వైపులా బుడగ కదల్లేదు. డాక్టరు గారు కూడా పాపం ఆదివారం అయినా వచ్చారు.

ముత్యం కాటా ఎక్కగానే కింద బోలు చప్పుడుకి బెదిరింది. తోరణంలా ఉండే చెవులు విడిపోయి వెనక్కి తిరిగాయి. మొదటిసారి కొలిస్తే 150 దాటింది. డాక్టరు గారు కర్ర పక్కన పెట్టేసి ఆగుదాం అన్నారు. మా మేనల్లుడు గుప్పెడు ఉలవలు పట్టుకుని ముందు నిలబడ్డాడు, నేను మెడ నిమురుతూ ఉన్నాను. పావుగంటకి అది పెద్దగా ఊపిరి వదిలి, పెదవి వేలాడేసి, తల మామూలుగా పెట్టింది. ముందు కాళ్ళు రెండూ నిటారుగా, పక్కపక్కన ఉన్నాయో లేదో చూసుకుని అడ్డకర్రని మూపు మీదికి దించాం. జూలు ఆగిపోయి వీపు మొదలయ్యే చోట, భుజాల మధ్య ఎత్తుగా ఉండేదే మూపు. మన ఒంగోలు గిత్తకి మూపురం ఉండేది ఇంచుమించు అక్కడే. తల పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి గుర్రం ఎత్తుని తల దాకా కొలవరు, మూపు దాకానే. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 148.3 దగ్గరే వచ్చింది. మొదటి సర్టిఫికెట్ నాటికి దానికి నాడాలు లేవు, తారు రోడ్డు కోసం తర్వాత కొట్టించాను. నాడా మందం సెంటీమీటరు తీసేస్తే 147.3. అంగుళాల్లో 58. సంతలో నేను పెట్టిన కర్ర అబద్ధం చెప్పలేదు.

ఆ మర్నాడు కొత్త సర్టిఫికెట్‌తో వెళితే గుమాస్తా గారు మళ్ళీ పాత చోటికే వచ్చారు, "మరి ఆ 14.2 సంగతేంటండీ?" అని. నాకు కోపంతో మాట రాలేదు. మేనల్లుడే ముందుకొచ్చి, "సార్, క్రికెట్ చూస్తారు కదండీ. 14.2 ఓవర్లంటే పద్నాలుగు ఓవర్ల మీద రెండు బంతులు. దాన్ని ఆరుతో గుణిస్తే బంతుల లెక్క తప్పుతుంది కదండీ. ఇదీ అంతేనండి, అక్కడ ఆరు, ఇక్కడ నాలుగు" అన్నాడు.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక చిత్తుకాగితం మీద తనే 14 నాలుగులు 56 అని వేసుకుని, దాని కింద 2 రాసి కలుపుకున్నారు. క్షమించమని అనలేదు. నేనూ ఊరుకోలేదు, ఎర్ర ఇంకుతో రాసిన మాట కొట్టేయించి పక్కన సంతకం పెట్టించాను, ఆ పేజీ ఫొటో తీసుకుని మా ఊరి ఆయనకి చూపించాను.

గుర్రానికి పాలసీ చేయించేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, డాక్టరు గారిని బతిమాలైనా సరే ఎత్తు సెంటీమీటర్లలో రాయించుకోండి, నాడాలతోనా నాడాలు లేకుండానా అన్నది కూడా రాయించండి. బయట పోటీల్లో కూడా ఇది పట్టింపే, అంతర్జాతీయ పోటీల్లో పొట్టి గుర్రం (ఇంగ్లీషులో pony) అనిపించుకోవాలంటే నాడాలు లేకుండా 148, నాడాలతో 149 సెంటీమీటర్లు దాటకూడదు. నాలుగేళ్ళు నిండని పిల్ల గుర్రమైతే ఎత్తు ఇంకా పెరుగుతుంది కాబట్టి కొలిచిన తేదీ తప్పకుండా ఉండాలి. దర్జీ టేపు ఎవరు తెచ్చినా ఒప్పుకోకండి.

మా పాలసీలో ఎత్తు 147 సెం.మీ. అని ఉంది, చుక్క లేదు. బాబాయి చేసిన కర్ర పాకలో దూలానికి ఆనించి పెట్టాను, ఎవరికి కావాలన్నా వచ్చి పట్టుకెళ్ళచ్చు. రేపు రాజోలులో ముహూర్తం ఉంది, ముత్యానికి ఇది మొదటి ఊరేగింపు.