వ్యక్తిగత కారణాలు

శనివారం, రాత్రి పదిన్నర

ఇవాళ ఆఫీసులో నేను చేసిందల్లా ఒక ఉత్తరం టైపు చేయడం. పట్టుమని పది లైన్లు లేవు. దానికే సాయంత్రం ఐదయింది.

మేడమ్ నెలాఖరుకి వెళ్ళిపోతున్నారు. పదకొండేళ్ళు నడిపారు, మానసిక ఆరోగ్యం మీద పనిచేసే మా సంస్థని. మాదేమీ పెద్దది కాదు. ఎర్రగడ్డలో మేడ మీద రెండు గదులు, జీతానికి నలుగురం. ఎర్రగడ్డ అంటే మన దగ్గర తిట్టు కదా. "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలిరా" అని ఒక్కసారైనా అనని వాళ్ళు హైదరాబాదులో తక్కువ. మానసిక ఆసుపత్రి పక్కన ఆఫీసెందుకని అప్పట్లో కమిటీ అంటే, ఆ తిట్టు పోవాలంటే ఇక్కడే కూర్చోవాలని మేడమ్ పట్టుబట్టారట.

ఉత్తరం సభ్యులకీ, విరాళాలిచ్చేవాళ్ళకీ వెళ్ళాలి. చేతి అలవాటు కొద్దీ "వ్యక్తిగత కారణాల వల్ల తప్పుకుంటున్నారు" అని కొట్టేశాను. మేడమ్ చదివి కళ్ళజోడు తీశారు.

"వ్యక్తిగత కారణాలేంటమ్మా? ఆర్నెల్ల నుంచి డిప్రెషన్‌కి మందులు వాడుతున్నా. పని ఆపమన్నారు డాక్టరు. అదే రాయి."

మధ్యాహ్నాలు ఆవిడ గది తలుపు వేసుకోవడం, టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి పోవడం రోజూ చూస్తూనే ఉన్నాను. షుగరేమో అనుకున్నాను. డిప్రెషన్ లక్షణాల కరపత్రానికి ప్రూఫు దిద్దేది నేనే మళ్ళీ.

పదకొండున్నరకి ప్రెసిడెంటు గారొచ్చారు. మంచాయనే. మాకు జీతాలు ఆలస్యమైతే తన జేబులోంచి సర్దిన మనిషి. ఉత్తరం చూసి, "అమ్మా, డోనర్లు ఏమనుకుంటారు? ఇన్నాళ్ళూ సంస్థని నడిపింది..." అని ఆగిపోయారు. ఆగిన చోట ఏ మాట ఉందో గదిలో అందరికీ తెలుసు. ఆయనే సర్దుకుని, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత హక్కు ఉంది కదా, 23వ సెక్షను కదా అన్నారు.

"ఆ హక్కు పేషెంటుదండీ. కమిటీది కాదు" అన్నారు మేడమ్. నవ్వుతూనే.

2017 నాటి ఆ చట్టం ఆవిడకి కంఠతా వచ్చు. మనసు జబ్బని బీమా క్లెయిము తిప్పికొట్టారని ఎవరొచ్చినా 21వ సెక్షను తీస్తారు, ఒంటి జబ్బుకి ఎలాగో దీనికీ అలాగే బీమా ఇవ్వాలని. పురుగుమందు తాగి బతికిన కొడుకు మీద పోలీసు కేసు అవుతుందేమోనని వణికే తల్లికి 115. గొలుసులతో కట్టేశారన్న కబురొస్తే 95. ఏటా ఆగస్టు 6న మా అందరి చేతా నిమిషం మౌనం పాటింపజేస్తారు. 2001లో ఆ రోజే తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన రోగుల పాకకి నిప్పంటుకుని 28 మంది పోయారు. నేను చేరిన కొత్తలో ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని.

భోజనాలయ్యాక కూడా అదే చర్చ. మధ్యలో ఫోన్లు. రాత్రిపూట ఎవరికి చెయ్యాలని ఒకావిడ అడిగితే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 రెండుసార్లు చెప్పి రాయించాను. తిరిగొచ్చేసరికి ట్రెజరర్ గారు మధ్యే మార్గం కనిపెట్టారు, "ఆరోగ్య కారణాల రీత్యా" అని. అందులో అబద్ధం లేదట. మేడమ్ అలసిపోయి సరేనన్నారు. ఆవిడ తర్వాత ఎవరన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆవిడ మీద కాస్త కోపంగా కూడా ఉంది. రేపట్నుంచి ఆ సెక్షన్లన్నీ ఎవరు చెప్తారు? ఈ కోపం ఎంత స్వార్థమో తెలుసు. అయినా ఉంది.

లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకానికి పెట్టాను. మేడమ్ పెన్ను తీసి, "ఆరోగ్య" ముందు చిన్న గుర్తు పెట్టి, పైన "మానసిక" అని రాశారు. కింద సంతకం చేశారు.

"మళ్ళీ టైపు చెయ్యకు. ఇలాగే స్కాన్ చేసి పంపు."

ప్రెసిడెంటు గారు చాలాసేపు చూశారు కాగితం వంక. ఏమీ అనలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయారు. సోమవారం ఏమంటారో చూడాలి.

మొదటి స్కాన్‌లో చేతిరాత మసకగా వచ్చింది. గాజు తుడిచి ఇంకోసారి తీశాను.