నాయన సీఈఏ రిపోర్టులు: మాకు అర్థమైన సంగతులు

పెద్దపేగులో గడ్డ, కాలేయంలో మచ్చలు అని స్కాన్‌లో తేలగానే డాక్టరు సీఈఏ అనే రక్తపరీక్ష రాశారు. కొన్ని క్యాన్సర్ గడ్డలు రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్ అది. 148 వచ్చింది. మామూలుగా 5 లోపు ఉండాలని పక్కనే ముద్రించి ఉంది. మేం నెల్లూరు నుంచి కావలి చేరేలోపే ఆ కాగితం ఫొటో వాట్సాప్‌లో చుట్టాలందరికీ వెళ్లిపోయింది. "ముప్పై రెట్లంట" అని ఒకరు, "ఇంకేముంది, ఆర్నెల్లే" అని ఇంకొకరు. ఆర్నెల్ల లెక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. కానీ అది నాయన చెవిన పడింది, ఆ పూట అన్నం ముట్టలేదు. ఇలాంటి రిపోర్టు చేతిలో పట్టుకుని భయపడుతున్న ఇళ్లు ఇంకా ఉంటాయని తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

తర్వాతి సారి వెళ్లినప్పుడు డాక్టరు ముందు అడిగింది చుట్ట గురించి. "మీసాలు రాకముందు నుంచీ తాగతన్నా సార్" అన్నాడు నాయన. పొగతాగే వాళ్లలో సీఈఏ కాస్త ఎక్కువే ఉంటుందట. కాలేయ జబ్బుల్లో, పేగు వాపుల్లో కూడా పెరుగుతుందట. అందుకే ఈ పరీక్ష ఒక్కటే చూసి క్యాన్సర్ ఉందనో లేదనో చెప్పరు. అయితే 148 చుట్ట వల్ల వచ్చేది కాదని కూడా దాచకుండా చెప్పారు.

"మరి ఎన్నాళ్లో దీన్నిబట్టి తెలవదా సార్?" అని నాయనే అడిగాడు. ఆయన చెప్పింది నాకు బాగా గుర్తుంది. వేలమంది రోగులను కలిపి చూస్తే, మొదట్లోనే సీఈఏ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు జబ్బు మొండిగా ఉండే అవకాశం ఎక్కువ, అది నిజం. కానీ ఎదురుగా కూర్చున్న ఒక మనిషికి ఇన్ని నెలలు అని ఆ అంకె చెప్పలేదు. కొన్ని గడ్డలు సీఈఏని అసలు తయారుచేయవు, జబ్బు ముదిరినా రిపోర్టు మామూలుగానే వస్తుంది. మందు పడ్డాక అంకె ఎటు నడుస్తుందో చూడాలి, దాని పక్కన మిగతావీ చూడాలి అన్నారు. ఆ మిగతావేంటో అడిగి రాసుకున్నాను: రక్తంలో ఎల్‌డీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైములు, ఆల్బుమిన్ అనే ప్రొటీన్, తెల్ల రక్తకణాలు, జబ్బు ఎన్ని చోట్లకు పాకింది, మనిషి తన పని తాను చేసుకోగలుగుతున్నాడా లేదా. గడ్డ ముక్క మీద చేసే రాస్, బీరాఫ్ జన్యు పరీక్షలు వేరే. ఏ మందు పనికొస్తుందో చెప్పడంలో వాటి మాటకు విలువ ఎక్కువ.

సీఈఏ లాంటిదే ఇంకో రక్తపరీక్ష, సీఏ 19-9 కూడా చేశారు. 22 వచ్చింది, 37 లోపే. మేం సంతోషపడబోయాం. కొందరి రక్తం తీరే అంత, పుట్టుకతోనే వాళ్ల ఒంట్లో ఆ పదార్థం తయారు కాదు, దీన్ని నమ్ముకోవద్దు అన్నారు. కామెర్లు ఉంటే అదే పరీక్ష ఊరికే పెరిగిపోతుందట కూడా.

కీమో మొదలైంది. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించి, ఇంకో మందు పంపులో పెట్టి 46 గంటలు నడిపేవాళ్లు. మందు పడ్డ రోజుల్లో నాయన చల్లటి స్టీలు గ్లాసు పట్టుకుంటే వేళ్లల్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది. అమ్మ నీళ్లు గోరువెచ్చగా కాచి, గ్లాసుకు తువ్వాలు చుట్టి ఇచ్చేది. నెల తిరిగాక చేసిన సీఈఏ 171. తగ్గాల్సింది పెరిగింది! అయితే మొదటి నాలుగైదు వారాల్లో, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్‌తో, చికిత్స పనిచేస్తున్నా అంకె పైకి పోవచ్చని డాక్టరు ముందే చెప్పి ఉన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే మా ఇంట్లో ఆ వారం ఎట్లా గడిచేదో ఊహించలేను. కీమో రాసే ప్రతి డాక్టరూ ఈ మాట ముందుగా చెప్పాలని నా గట్టి అభిప్రాయం. ఆ తర్వాత 96, ఆపైన 41. స్కాన్‌లోనూ కాలేయం మచ్చలు చిన్నవయ్యాయి.

మధ్యలో ఒకసారి మేం రోజూ వెళ్లే ల్యాబులో మిషను పాడై, వేరేచోట ఇవ్వాల్సి వచ్చింది. "ఎక్కడైనా ఒకటేనమ్మా" అన్నారు అక్కడివాళ్లు. రిపోర్టు 63. అందరికీ మళ్లీ టెన్షన్. ఒక్కో ల్యాబు వాడే కిట్టు ఒక్కో తీరుగా ఉంటుంది, ఇక్కడి అంకెను అక్కడి అంకెతో పోల్చకూడదని డాక్టరు చెప్పి పాత ల్యాబులోనే మళ్లీ చేయించారు. 39. జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కూడా కొన్ని మిషన్లలో ఫలితాన్ని తప్పుగా చూపిస్తాయట. నాయనకు ఆ బాధ లేదు గానీ, వేసుకునేవాళ్లు రక్తం ఇచ్చే ముందే చెప్పడం మంచిది.

ఎండలు ముదిరేనాటికి అంకె మళ్లీ లేచింది. ఒకసారి పెరిగినందుకు మందు మార్చలేదు. రెండోసారీ పెరిగాక స్కాన్ ముందుకు జరిపారు. కాలేయంలో కొత్త మచ్చ కనిపించింది. ఆరోజు డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని నాయనతోనే నేరుగా మాట్లాడారు. జబ్బును పూర్తిగా తీసేయలేమని, అదుపులో పెట్టే ప్రయత్నం చేద్దామని, ఈసారి అదుపు మొదటి మందంత కాలం ఉండకపోవచ్చని చెప్పారు. నాయన అంతా విని, "అయితే పొలం కాగితాల పని ఇప్పుడే చూసుకోవాల సార్" అన్నాడు. "చూసుకోండి, ఓపిక ఉన్నప్పుడే మంచిది" అన్నారాయన. ఆ వారంలోనే చెన్నై నుంచి అక్కను పిలిపించి, నాయనే దగ్గరుండి అన్నీ రాయించాడు.

ఇప్పుడు ఇరినోటికాన్ అనే ఇంకో కీమో మందు మీద ఉన్నాడు. విరేచనాలు ఇబ్బంది పెడుతున్నాయి, దానికి మాత్రలు ఇచ్చారు. సీఈఏ 58 దగ్గర ఆగింది, ఆల్బుమిన్ కాస్త తగ్గింది. వచ్చే స్కాన్ దాకా ఇదే మందు. చుట్టాలు ఫోన్ చేసి "ఎంతుందిమా?" అని అడిగితే అమ్మ ఇప్పుడు అంకె చెప్పడం లేదు. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నాడనో, సందు చివరిదాకా నడిచొచ్చాడనో చెబుతోంది.