మవాషి గేరి: నిలబడే కాలు సంగతి

కరాటేలో మవాషి గేరి, అంటే కాలిని పక్క నుంచి గుండ్రంగా తిప్పి కొట్టే తన్ను, నేర్చుకునేటప్పుడు అందరి ధ్యాసా తన్నే కాలి మీదే. కానీ ఎక్కువసార్లు తూలేది కింద ఉన్న కాలు తిరగకపోవడం వల్ల. బరువు పాదం ముందు భాగం మీదికి తెచ్చి, మడమ లక్ష్యం వైపు చూసేదాకా తిప్పాలి. అది తిరగకపోతే తుంటి తెరుచుకోదు, ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. ఏళ్ల తరబడి అలాగే తన్ని మోకాళ్లు పాడుచేసుకునేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. రబ్బరు మ్యాట్ పాదాన్ని పట్టేస్తుంది కాబట్టి, దాని మీద మడమ ఇంకాస్త లేపి తిప్పండి.

సాధనకు గోడ చాలు. ఒక చెయ్యి ఆనించి తన్నును విడగొట్టండి: మోకాలు మడిచి పక్క నుంచి ఎత్తడం, చాచడం, మళ్లీ మడవడం, దించడం. దించే ముందు వరకు ఒక్కో చోట 3 సెకన్లు ఆగాలి. కాలికి 10 సార్లు. బలహీనమైన కాలితోనే మొదలుపెట్టండి, అలసట రాకముందే దానికి పని పడాలి. చాలామంది ఎగ్గొట్టేది మళ్లీ మడవడాన్నే. కాలు అలా పడేస్తే ఒళ్లంతా ముందుకు పోతుంది, ఎదుటివాళ్లకు అదే సందు.

తూలగానే చిరాకుతో తర్వాతిది ఇంకా గట్టిగా కొట్టబోతారు. భుజాలు బిగుస్తాయి, ఊపిరి ఆగుతుంది, మళ్లీ తూలతారు. అప్పుడు ఊపిరి పూర్తిగా వదలండి. కళ్ల ఎత్తులో ఒక చుక్క మీద చూపు నిలిపి, సగం వేగంతో కొట్టండి. నడుము ఎత్తు దాటే తొందర ఇప్పుడే వద్దు.