కాలి మీద గీత

మల్కాజిగిరిలో మా ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుడతాను. ఆషాఢం వచ్చిందంటే బోనాల బట్టలతో ఊపిరాడదు. పోయినేడు సరిగ్గా ఆ రోజుల్లోనే పెడల్ తొక్కే కుడికాలికి దురద మొదలైంది. బొటనవేలి పక్కన చిన్న పొక్కు కనిపిస్తే దోమ కుట్టిందనుకున్నాను. మూడో రోజుకి ఆ పొక్కులోంచి సన్నటి ఎర్రగీత బయలుదేరింది. కాస్త ఉబ్బి, వంకరటింకరగా, ఎవరో ఎర్రదారంతో కాజా మొదలుపెట్టి సగంలో వదిలేసినట్టుంది.

మెడికల్ షాపులో తామర అన్నారు. ఇచ్చిన ఆయింట్‌మెంట్ అయిదు రోజులు రాసినా ఏమీ తగ్గలేదు. రాత్రయితే దురద రెట్టింపయ్యేది. ఒక రాత్రి నిద్రపట్టక కూర్చుని, గీత చివర బాల్‌పెన్నుతో చుక్క పెట్టాను. గుడ్డ మీద గుర్తులు పెట్టీ పెట్టీ వచ్చిన అలవాటు, అంతే. పొద్దున చూస్తే గీత ఆ చుక్కను దాటి పోయింది. టేపు పెట్టి కొలిస్తే సెంటీమీటరు పైనే ఉంది. ఒళ్ళు జలదరించింది. తామర పాకుతుంది కానీ ఇలా రాత్రికి రాత్రి గీత గీసుకుంటూ పోదు కదా.

కుక్కపిల్ల సంగతి ఇక్కడ చెప్పాలి. అప్పుడు మా పై అంతస్తు పని నడుస్తోంది. గేటు పక్కన రెండు ట్రాక్టర్ల ఇసుక పోయించాం. ఒక వీధికుక్క ఆ ఇసుక వారగా, చెక్కల కింద నాలుగు పిల్లలు పెట్టింది. నెల తిరక్కుండానే మూడు పోయాయి. వానకు తడిసి పోయాయనుకున్నాం. మిగిలిన ఒక్కదాన్ని మా అబ్బాయి చొక్కాలో పెట్టుకుని లోపలికి తెచ్చాడు. బెల్లం రంగులో ఉందని పేరు కూడా బెల్లమే పెట్టాడు. ఒళ్ళంతా బక్కచిక్కి కడుపు మాత్రం కుండలా ఉండేది. ఎదురింటి సుజాత చూసి, "కడుపుల పురుగులున్నయ్ అక్కా, మందు తాపియ్యి" అంది. కుక్కల సామాన్లమ్మే షాపులో ఒక సిరప్ ఇచ్చారు. బరువేమీ అడగలేదు, అరచెంచా పొయ్యమన్నారు. మర్నాడు మోషన్‌లో తెల్లగా, ఉడికిన సేమ్యాలా చుట్టలు చుట్టుకుని పురుగులు పడ్డాయి. అసహ్యం వేసినా లోపల సంతోషమే. పీడ వదిలిందనుకున్నాం.

వదల్లేదు. పది రోజులు తిరిగేసరికి బెల్లం దారపు ఉండల జోలికి రావడం మానేసింది. మిషన్ కింద నా చీర కుచ్చిళ్ళ మీద పడుకుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. మోషన్ తారులా నల్లగా, బంకగా, ఒకరకం నీచువాసనతో వచ్చేది. నేను పెట్టిన మటన్ లివర్ వల్లేమో అనుకున్నాను. మా అబ్బాయి రోజూ పుల్లతో కెలికి చూసి, "పురుగుల్లేవమ్మా" అని రిపోర్టు ఇచ్చేవాడు. పురుగులు లేవు కదా అని మూడు వారాలు గడిపేశాం.

నా కాలు చూపించుకోవడానికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ గీత వైపు ఒకసారి చూసి, "ఇంట్లో కుక్కపిల్ల ఉందా? ఇసుకలో చెప్పుల్లేకుండా తిరిగారా?" అని అడిగింది. జాతకం చెప్పించుకుంటున్నట్టు నోరు తెరుచుకుని ఉండిపోయాను. పొద్దునా సాయంత్రం కొత్త గోడలకు నీళ్ళు కొట్టేది నేనే. ఆ తడి ఇసుక తొక్కుకుంటూ, చెప్పులు గేటు దగ్గర వదిలేసి మరీ వెళ్ళేదాన్ని.

నా పాదంలో తిరుగుతున్నది కుక్క కొంకిపురుగు పిల్లట. ఇంగ్లీషులో హుక్‌వార్మ్ అంటారు. కుక్క మలంతో పడిన గుడ్డు తడి ఇసుకలో ఒకటి రెండు రోజుల్లో పగులుతుంది. బయటికొచ్చిన పురుగుకు దాదాపు వారానికల్లా చర్మం తొలుచుకుని పోయే శక్తి వస్తుంది. కుక్క చర్మమైతే లోపలికి వెళ్ళి, రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి, అక్కణ్ణుంచి గొంతులోకొచ్చి, మింగితే పేగుల్లోకి దిగుతుంది. మనిషి చర్మంలో మాత్రం దానికి లోపలి పొర దాటడం చాతకాదు. పైపొరలోనే అటూ ఇటూ తిరుగుతుంది. "దారి తప్పిందమ్మా అది. మందు వేసుకోకపోయినా కొన్ని వారాలకు చస్తుంది. అందాకా మిమ్మల్ని నిద్రపోనివ్వదు" అని నవ్వింది. నా బరువు 60 కిలోలు. ఐవర్‌మెక్టిన్ 12 మిల్లీగ్రాములు, ఒకే ఒక్క డోసు రాసింది. ఆ బిళ్ళ ముక్క విరిచి కుక్కకు పెట్టొద్దని గట్టిగా చెప్పింది. కోలీలాంటి కొన్ని జాతి కుక్కలకు ఆ మందు మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుందట. నిజం చెప్పొద్దూ, అప్పటికే నేను అదే ఆలోచిస్తున్నాను. చివర్లో, "ఆ పిల్ల చిగుళ్ళు ఎప్పుడైనా చూశారా?" అంది.

ఇంటికి రాగానే బెల్లం పైపెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగు ఉండాల్సిన చోట తెల్ల లైనింగ్ గుడ్డ ఉంది. వేలితో నొక్కి వదిలితే నొక్కిన చోటుకీ పక్కచోటుకీ తేడా లేదు.

మర్నాడు పొద్దున్నే ఆటోలో రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాం. అప్పుడే వేసిన మోషన్‌ని ఖాళీ బామ్ సీసాలో పట్టుకెళ్ళాను. బల్ల మీద పెడితే బెల్లం 2.1 కిలోలు తూగింది. డాక్టర్ బాబు నా కొడుకు కంటే అయిదారేళ్ళు పెద్దవాడేమో. పురుగులు పడిపోయాయని నేను చెబితే తల అడ్డంగా ఊపాడు. "సేమ్యాలా పడ్డవి ఏలికపాములమ్మా. ఈ పైపెరజీన్ సిరప్ వాటికే పనిచేస్తుంది, కొంకిపురుగును ఏం చెయ్యదు. అది మహా అయితే ఒకటిన్నర సెంటీమీటరు. పేగును పళ్ళతో పట్టుకుని రక్తం తాగుతుంది. చోటు మార్చినా పాత గాయం కారుతూనే ఉంటుంది. మీరు చూసిన నలుపు అరిగిన రక్తమే. మలంలో పడేవి దాని గుడ్లు, అవి కంటికి ఆనవు."

ల్యాబ్‌లో ఆ గుడ్లు నాకు చూపించారు. చేసే పద్ధతి వంటింటి పనిలాగే ఉంది. ఇక కరగను మొర్రో అనేదాకా ఉప్పు కలిపిన నీళ్ళలో మోషన్ కొంచెం కలిపి, వడగట్టి, చిన్న గొట్టంలో అంచుదాకా పోసి పైన పల్చటి గాజుబిళ్ళ పెట్టారు. ఊరగాయ ఉప్పునీళ్ళలో కోడిగుడ్డు తేలుతుంది చూడండి, అదే సూత్రం. పావుగంటకు గుడ్లు పైకి తేలి బిళ్ళకు అంటుకున్నాయి. మైక్రోస్కోపులో చూస్తే గాజుపొర లాంటి పెంకు, కోలగా ఉంది. లోపల నాలుగైదు కణాలు సంచిలో వేసిన ద్రాక్షపళ్ళలా ఒత్తుకుని ఉన్నాయి. చూపు జరిపితే ఇంకోటి, మరోటి. ఏలికపాము గుడ్డు గుండ్రంగా, గోధుమరంగులో, గుంతలు గుంతలుగా ఉంటుందట. అదొక్కటీ కనబడలేదు. ఆ సిరప్ తన పని తాను చేసిందన్నమాట.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 4.2 వచ్చింది. పెద్ద కుక్కకు 12 పైన ఉండాలట, పిల్లలకు కాస్త తక్కువ. మందు వేసి పురుగుల్ని చంపినా, ఈలోపు గుండె తట్టుకోదేమో, ముందు రక్తం ఎక్కించాలన్నారు. కుక్కలకు రక్తం ఎక్కిస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అత్తాపూర్‌లో ఉండే తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, మా వాడు 32 కిలోలున్నడు, తీస్కొస్తున్న" అని ల్యాబ్రడార్‌తో గంటలో దిగాడు. మొదటిసారి ఎక్కించినప్పుడు కుక్కల్లో సాధారణంగా రక్తం పడకపోవడం ఉండదట. అయినా రెండు రక్తాలూ కలిపి చూసుకున్నారు. ఎక్కించింది 40 మిల్లీలీటర్లు, టీ గ్లాసులో సగం కూడా ఉండదు. అదే చుక్కచుక్కగా మూడు గంటలు పైన పట్టింది. నా కొంగు కప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివర్లో పెదవి ఎత్తితే చిగురు మీద పలచటి గులాబీ ఛాయ. ట్యూబ్‌లైటు వెలుతురేమో అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూశాను.

మందు ఫెన్‌బెండజోల్, బరువు చూసి కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన మూడు రోజులు. దాంతో పాటు ఐరన్ చుక్కలు. రెండు వారాలకు మళ్ళీ రమ్మన్నారు. కండల్లో దాక్కున్న పిల్లపురుగులు, పేగులో పెద్దవి పోగానే ఖాళీ అయిన చోటుకి బయలుదేరతాయట. మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి మందు తప్పదు. మరి ఇంత చిన్నదానికి ఎక్కడ అంటిందని అడిగితే తల్లి పాలలోనే వచ్చుంటుందన్నాడు. గుడ్లు మలంలో కనబడక ముందే పిల్లలు చచ్చిపోవడం కూడా ఉంటుందట. చెక్కల కింద పోయిన ఆ మూడూ గుర్తొచ్చాయి. వానను తిట్టుకున్నాం అనవసరంగా.

నా కాలు దురద మూడో రోజుకే తగ్గింది. గీత వారానికి ఎండి నల్లబడింది. బెల్లానికి ఎక్కువ కాలం పట్టింది. నాలుగో రోజు గిన్నె నాకింది, ఎనిమిదో రోజు దారపు ఉండ లాక్కెళ్ళి మంచం కింద చిక్కు పెట్టింది. ఆ చిక్కు తీస్తూ ఏడ్చానంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు.

తల్లికుక్కను బోనాల రోజు పట్టుకున్నాం. కైమా ముద్దలో బిళ్ళలు కుక్కితే ఒక్క గుటకలో మింగింది. తడి ఇసుక పైపొర ఎత్తి పారేయించి, మిగతాది ఎండలో పరిచి, రాత్రిళ్ళు టార్పాలిన్ కప్పాం. వీధిలో దాని మోషన్ కనబడితే ఏ రోజుది ఆ రోజే పారతో తీసేస్తాడు మా అబ్బాయి. పురుగుకు వారం కావాలి, మేం దానికి ఒక్క రోజు కూడా ఇవ్వం.

నా కొలతల పుస్తకంలో వెనక పేజీ బెల్లానిది. 2.1, 2.6, 3.4, 4.1. ఆదివారం ఆదివారం పెదవి ఎత్తి చూసి పక్కన టిక్కు పెడతాను. మొన్న ఒక కస్టమరు పేజీలు తిప్పుతూ, "ఇదేం బ్లౌజు కొలత ఆంటీ, రెండు పాయింట్ ఒకటి?" అని అడిగింది. మిషన్ కింద ఆమె చున్నీ అంచు అప్పటికే బెల్లం నోట్లో ఉంది.