చేత్తో వేసిన పాయింట్, క్రాసింగ్ దగ్గర పోయిన పరువు

నా హెచ్ఓ లేఅవుట్‌లో (అసలు రైలుని 87వ వంతుకి కుదించిన మోడల్ రైల్వే) చేత్తో వేసిన మొదటి పాయింట్ (బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్ళించే పట్టాల అమరిక) మీద ఇప్పుడు ఏ వ్యాగన్ తోసినా నున్నగా జారిపోతోంది. సంతోషంగానే ఉంది కానీ ఒక పెద్దాయన మీద ఒళ్ళుమంట ఇంకా తగ్గలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. కార్క్ మీద చెక్క స్లీపర్లు అంటించాను, రంగు పట్టించాను, కోడ్ 70 పట్టా (కోడ్ అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పట్టా ఎత్తు) పరిచి చిన్న మేకులు దించాను. ఓపిక ఉంటే చాలు. కాకపోతే జిగురు ఆరాక స్లీపర్ల పైభాగాలన్నిటినీ సాండ్‌పేపర్‌తో ఒకే మట్టానికి రుద్దడం మాత్రం ఎగ్గొట్టకండి. ఒక్కటి లేచి ఉన్నా పట్టా అక్కడ ఉబ్బెత్తుగా లేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, రెడీమేడ్ ట్రాక్‌లో బాగా దొరికే కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మిల్లీమీటర్లు. 1:87 లెక్కన పెంచితే 220 దాటుతుంది. అసలు రైల్వేలో బరువైన రకమనుకునే యుఐసి 60 పట్టాయే 172 మిల్లీమీటర్లు. ఒకసారి ఈ తేడా కంటికి ఆనిందా, ఇక రెడీమేడ్ ట్రాక్ మీద మనసు నిలవదు.

కరెంటు సంగతీ గుర్తుంచుకోవాలి. రెండు పట్టాలదీ చెరో ధ్రువం. పాయింట్ కింద వేసే రాగిపూత స్లీపర్ల మీద పూతను మధ్యలో కోసేయకపోతే షార్టే. ఒక్కో స్లీపర్ టంకం పెట్టగానే మల్టీమీటర్‌తో చూసుకుంటూ పోయాను. క్రాసింగ్‌ని, అంటే పాయింట్‌లో రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటుని, అటూ ఇటూ కోసి విడిగా ఉంచి, పాయింట్ మారినప్పుడల్లా దాని ధ్రువమూ మారేలా స్విచ్ కలిపాను. దీనికి జనం ఎందుకు భయపడతారో నాకర్థం కాదు.

అసలు కథ క్రాసింగ్ దగ్గర. ఆరో నంబరు క్రాసింగ్, అంటే ఆరు పాళ్ళు ముందుకు పోతే ఒక పాలు విడిపోయే కోణం. రెండు పట్టాలను ఆకురాయితో రాసి, కలిపి, ముక్కు చేశాను. ఎదురు పట్టా పక్కన లోపలివైపు, చక్రం వీపుని (లోపలి ముఖాన్ని) పట్టి ఉంచే చెక్ రైల్, ముక్కుకి అటూ ఇటూ రెక్క పట్టాలు. అన్నీ ఎన్ఎమ్ఆర్ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) కొలతల గేజ్ పెట్టి సరిచూసినవే.

సెలవు రోజున నలుగురూ చూడ్డానికి వచ్చారు. నా బళ్ళన్నీ చక్కగా తిరిగాయి. పెద్దాయన తన ట్యాంక్ వ్యాగన్ తీసి పెట్టారు. క్రాసింగ్ మీద టక్కున ఎగిరి పట్టా దిగింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ దిగింది.

"చేత్తో చేస్తే ఇంతే అబ్బాయ్. పాయింట్ కొనుక్కో, సుఖపడతావ్" అన్నారు. అందరూ నవ్వారు. అక్కడితో ఆగితే బాగుండేది. పట్టకారు తెమ్మన్నారు, చెక్ రైల్‌ని పట్టాకి దూరంగా, లోపలికి కాస్త నొక్కితే సరిపోతుందట! నేను ముట్టుకోనివ్వలేదు. మొండివాడన్న పేరు కూడా మూటగట్టుకున్నాను.

వ్యాగన్‌ని మాత్రం ఉంచుకున్నాను. అందరూ వెళ్ళాక టార్చ్ వేసి, కన్ను పట్టాల మట్టానికి దించి, వేలితో అంగుళం అంగుళం తోశాను. చక్రం ముక్కుని గుద్దడం లేదు. ముక్కు రాకముందే రెండు చక్రాలూ కలిసి లేస్తున్నాయి. ఒక చక్రం వీపు చెక్ రైల్‌ని, రెండో దాని వీపు రెక్క పట్టాని ఒరుసుకుని, ఇరుసు మొత్తం వాటి మీదికెక్కుతోంది. అంటే తప్పు పట్టాది కాదు. కాలిపర్ తీసి కొలిచాను. రెండు చక్రాల వీపుల మధ్య సుమారు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. వెనక బోగీలో ఒక ఇరుసుకి 14 కూడా లేదు! చక్రాన్ని మెలితిప్పుతూ కాస్త బయటికి లాగాను. అంతే, అదే పాయింట్ మీద అదే ట్యాంకు ఎటు తోసినా చప్పుడు లేదు.

ఆయన మాట విని చెక్ రైల్‌ని నొక్కి ఉంటే ఆయన ట్యాంకు దాటిపోయేదేమో. కానీ ముక్కుకీ చెక్ రైల్‌కీ మధ్య దూరం తగ్గి, సరిగ్గా ఉన్న నా బళ్ళు ముక్కుని గుద్దుకునేవి. బండి పైకి లేస్తోందా, ముక్కు దగ్గర పక్కకి తప్పుతోందా అన్నది చూడకుండా పట్టకారు పట్టేవాళ్ళని లేఅవుట్ దరిదాపులకి రానివ్వకండి, ఎంత అనుభవం ఉన్నా సరే.

వ్యాగన్ తిరిగిస్తే ఆయనేమన్నారో తెలుసా? "మిగతా వాళ్ళ దగ్గర బాగానే తిరిగిందే" అని. తిరగదా మరి! కొనే పాయింట్లలో చాలావాటికి చెక్ రైల్, రెక్క పట్టాల పక్కన చక్రం దూరే సందులు వెడల్పుగా వదులుతారు, ఇరుకు చక్రాలు కూడా దూరిపోతాయి. నిక్కచ్చిగా వేసిన పట్టా మీదే చక్రం బండారం బయటపడేది. ఈ మాట ఆయన ముఖం మీదే చెప్పాను. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

జిగ్‌లు (పట్టాల్ని కోణంలో రాయడానికి పట్టి ఉంచే అచ్చులు) తర్వాత కొనొచ్చు, ముందు గేజ్, కాలిపర్ కొనండి. కొత్త వ్యాగన్ డబ్బాలోంచి తీసిందైనా ప్రతి ఇరుసూ కొలవండి. నా లేఅవుట్ మీదికి ఎవరి బండి వచ్చినా ఇప్పుడు ముందు గేజ్ పెట్టే చూస్తున్నాను. పెద్దాయనదైతే రెండుసార్లు.