తల ఊపే అలవాటు

పరాయి దేశం వచ్చాక నాకు బాగా అబ్బిన విద్య తల ఊపడం. మీటింగులో మేనేజరు యాస సగం అర్థమయ్యేది కాదు. అయినా "యస్, యస్" అనేసి, తర్వాత పక్కసీటు ఆయన్ని అడిగి గండం గట్టెక్కేవాణ్ణి. షూటింగ్ రేంజిలో మాత్రం నా పప్పులు ఉడకలేదు.

ఆ పక్కసీటు ఆయనే ఓ శనివారం తీసుకెళ్లాడు. చెవుల్లో ఫోమ్ ప్లగ్గులు, వాటిపైన మఫ్స్. చాలా తుపాకుల మోత 140 డెసిబెల్స్ దాటుతుంది, అందుకని రెండూ పెట్టుకోమన్నారు. రేంజి ఆఫీసరు నియమాలు చెప్పుకొచ్చాడు. అసలే యాస, ఆపై చెవులు మూత! అలవాటుగా తల ఊపేశాను. మొదటి గుండు పేల్చగానే సంబరంగా "చూశారా" అంటూ వెనక్కి తిరిగాను. చేతిలో రైఫిల్ కూడా నాతోపాటే తిరిగింది. రేంజి ఆఫీసరు ఒక్క అంగలో వచ్చి గొట్టాన్ని టార్గెట్ వైపు మళ్లించాడు. అరవలేదు. "ఇందాక నేను చెప్పిందాంట్లో నీకేం అర్థమైందో చెప్పు" అన్నాడు. నిజం ఒప్పుకున్నాను.

మళ్లీ మొదటినుంచి చెప్పి, ఈసారి నాచేత అప్పజెప్పించుకున్నాడు. ప్రతి తుపాకీ లోడై ఉందనే అనుకోవాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. టార్గెట్ వెనక ఏముందో తెలియాలి. "సీజ్ ఫైర్" అని ఎవరరిచినా సరే, కాల్చడం ఆపి, తుపాకీ ఖాళీ చేసి, కింద పెట్టి వెనక్కి జరగాలి.

ఇప్పుడు నాది పది మీటర్ల ఎయిర్ రైఫిల్. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, కాబట్టి సాధన చాలావరకు ఇంట్లో, పెల్లెట్ (ఎయిర్ గన్ గుండు) లేకుండా ఉత్తగా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్. (వీసా మీద ఉన్నవాళ్లు ఇంట్లో ఏది ఉంచుకోవచ్చో ముందే కనుక్కోవాలి, దేశానికో చట్టం.) మ్యాచ్ రైఫిళ్లలో దీనికోసం విడిగా ఏర్పాటుంటుంది. స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ గన్‌ని మాత్రం ఉత్తగా పేల్చకూడదు. ముందు పెల్లెట్ అడ్డు లేకపోతే పిస్టన్ వేగంగా వెళ్లి గుద్దుకుని పాడవుతుంది.

పెల్లెట్ల డబ్బా వేరే గదిలో, తాళం వేసి. చాంబర్, అంటే గుండు కూర్చునే చోటు, ఖాళీగా ఉందని కంటితో చూసి, అప్పుడు మొదలుపెడతాను. అద్దె ఇళ్లలో గదికీ గదికీ మధ్య గోడ పేరుకే గోడ, అవతల మనిషి మంచం ఉంటుంది. అందుకే బయటిగోడ వైపే గురి.

అసలు ప్రమాదం సాధన అయిపోయాక వస్తుంది. అంతా సర్దేసి, మళ్లీ లోడ్ చేసి, "ఇంకొక్కసారి" అనుకునే క్షణం. చెయ్యి నింపిన సంగతి మనసు మర్చిపోతుంది. అందుకని "ఇవాళ్టికి అయిపోయింది" అని పైకే అనేస్తాను. నా రూమ్మేట్ కొన్నాళ్లు నేను ఫోన్లో మాట్లాడుతున్నాననుకున్నాడు.

మొన్న మీటింగులో మేనేజరు ఏదో చెప్పి "ఓకేనా?" అన్నాడు. తల ఊపబోయి ఆగి, నాకు అర్థమైంది అప్పజెప్పాను. గడువు శుక్రవారం కాదట, బుధవారమట.